డ్రమ్ముల వెనక గొంతు

గిరి పోయాక వాడి గొంతు నేను మొదటిసారి విన్నది ముజఫ్ఫర్ అలీ గోడౌన్‌లో. అదైనా వాడు పాడిన పాటలో కాదు, రాజేందర్ వాయించిన డ్రమ్ముల్లో.

ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు జరగబోయే ఏడాది అది. జూన్ నెల, శుక్రవారం. దోహా పెళ్ళివారి ఇల్లులా ఉంది. తవ్విన రోడ్లు పూడుస్తున్నారు, పూడ్చిన చోట మొక్కలు నాటుతున్నారు. గిరి నా తమ్ముడు. మార్చిలో నిద్రలోనే పోయాడు. ముప్పై రెండేళ్ళ మనిషి గుండె ఎందుకు ఆగిందో ఏ డాక్టరూ మాకు అర్థమయ్యేలా చెప్పలేదు. ప్రొద్దుటూరు తీసుకెళ్ళి, జరగవలసినవి జరిపించి, బడి తెరిచే వేళకు నేనూ మా ఆయన రామాంజులూ తిరిగి వచ్చాం. నేను ఇక్కడి ఇండియన్ స్కూల్లో సోషల్ చెబుతాను. ఆయన అల్ సద్‌లో ఒక క్లినిక్కులో ఫార్మసిస్టు. గిరి మాతోనే, అల్ దోహా అల్ జదీదాలోని మా ఫ్లాటులోనే ఉండేవాడు.

తిరిగి వచ్చినప్పటి నుంచి మేమిద్దరం వాడి పేరు ఎత్తకుండా రోజులు వెళ్ళదీస్తున్నాం. వాడి గది తలుపు మేము తెరవలేదు, మూయనూ లేదు. సగం తెరిచి ఎలా వదిలాడో అలాగే ఉంది. ఏసీ గాలికి అప్పుడప్పుడు కదిలేది. కదిలినప్పుడల్లా ఇద్దరం అటు చూసి, వెంటనే కూరగాయల గురించో కరెంటు బిల్లు గురించో మాట్లాడుకునేవాళ్ళం.

దోహా రాకముందు గిరి చెన్నైలో సినిమా పాటలకు ట్రాక్ పాడేవాడు. పాట ఎలా ఉంటుందో తెలియడానికి ముందు ఒకరి చేత పాడించి పెట్టుకుంటారు. పెద్ద గాయకుడు వచ్చి, అది విని నేర్చుకుని, తన గొంతుతో పాడి వెళ్ళాక మొదటి గొంతును తుడిచేస్తారు. వాడి గొంతు అలా ఎన్ని పాటల్లోంచి పోయిందో వాడికే లెక్క లేదు. ఇక్కడ సౌండ్ టెక్నీషియన్‌గా చేరాక వాడిది ఒకటే పట్టుదల. ఒక ఆల్బమ్ చేయాలి. సినిమాది కాదు, భక్తిది కాదు. డెబ్బైలలో విదేశాల కుర్రాళ్ళు నలుగురు ఒక గదిలో చేరి గిటార్లతో, డ్రమ్ములతో ఇల్లు ఎగిరిపోయేలా వాయించినట్టు, తెలుగులో రాక్. ఏడు పాటలు. వాటిలో వాడి గొంతు ఉండాలి.

ఆ పని కోసం వాడు పోగేసుకున్న మనుషులు ముగ్గురు. ముజఫ్ఫర్ అలీ హైదరాబాద్ పాతబస్తీ మనిషి, యాభై దాటినవాడు. సభలకు తివాచీలు, స్పీకర్లు అద్దెకిస్తాడు. ఇండస్ట్రియల్ ఏరియాలో అతని గోడౌన్ వెనక గదిలో, చుట్టిన తివాచీలను గోడల వెంట నిలబెట్టి రికార్డింగ్ గది చేసుకున్నారు. ఆ గదిలో మాట్లాడితే మన మాట మన నోటి దగ్గరే ఆగిపోయినట్టుంటుంది. రాజేందర్‌ది జగిత్యాల వైపు. స్టేడియం పనుల్లో సెంట్రింగ్ కార్పెంటరు, ఉండేది బర్వా అల్ బరాహా కార్మికుల క్యాంపులో. చిన్నప్పటి నుంచి డప్పు కొట్టిన చెయ్యి. గిరి అతన్ని ఏదో బతుకమ్మ సభలో చూసి, తీసుకొచ్చి డ్రమ్ముల ముందు కూర్చోబెట్టాడు. దస్తగిరి మా వైపువాడే, జమ్మలమడుగు మనిషి, ఒక ఖతరీ ఇంట్లో డ్రైవరు, బేస్ గిటార్ వాయిస్తాడు. శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక యజమానురాలు ఫోన్ చేసేవరకు అతను ఖాళీ. అందుకే ఆ ఆల్బమ్ పనంతా శుక్రవారం మధ్యాహ్నాలే జరిగింది.

నేను వెళ్ళేసరికి ముగ్గురూ లేచి నిలబడ్డారు. ముజఫ్ఫర్ అలీ నాకు కుర్చీ వేసి, తను వేసుకోలేదు.

"టీచరమ్మా, నా చేతిల ఒక గల్తీ అయ్యింది" అన్నాడు.

అతను చెప్పింది ఇది. పాటలన్నిటికీ గిరి ముందుగా గైడ్ పాడి పెట్టాడు. అంటే తక్కిన వాద్యాలు దాన్ని విని వాయించుకోవడానికి మాత్రమే. అన్నీ పూర్తయ్యాక చివరగా తను నిమ్మళంగా, సరిగ్గా పాడాలని వాడి ఆలోచన. గిటార్ పని ముగిసిన రోజున, ఇక గైడ్‌తో పని లేదు, వచ్చే శుక్రవారం నుంచి అసలుది పాడతానన్నాడు. వాడు పెట్టిన పద్ధతి ఒకటుంది. ఒకటి బాగా వచ్చాక దాని వెనకది తుడిచేయాలి. పాత రోజుల్లో టేపు మీద అలాగే చేసేవారట. పాతది దాచుకుంటే చెయ్యి దాని మీదికే పోతుందని వాడి నమ్మకం. ఆ పద్ధతి ప్రకారమే ముజఫ్ఫర్ అలీ ఆ సాయంత్రం కూర్చుని ఏడు పాటల గైడ్ గొంతునూ తుడిచేశాడు. వచ్చే శుక్రవారానికి మనిషి లేడు.

"ఏమీ మిగల్లేదా?" అని అడిగాను.

"మిగిలింది. అది చెప్పనీకే పిలిచిన" అని రాజేందర్ వైపు చూశాడు.

రాజేందర్ తల వంచుకుని చెప్పాడు. అందరూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని, వాటిలో గైడ్ వింటూ వాయిస్తారు. అతను మాత్రం పెట్టుకోలేదు. సైటు మీద చెవులు మూసుకున్నవాడికి పైనుంచి ఏది జారుతున్నదీ తెలియదు. ఆ అలవాటుకు చెవులు మూస్తే చేతులు కదలవు. పైగా డప్పు కొట్టేవాడికి పాడేవాడి నోరు కనబడాలి. అందుకని గిరి అతని ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో నిలబడి గొంతెత్తి పాడేవాడు. ఆ పాట రాజేందర్ చెవులకు అందినట్టే డ్రమ్ముల మైకులకూ అందింది.

"గైడంటే సెంట్రింగ్ లెక్కక్కా" అన్నాడు. "స్లాబు గట్టిపడ్డంక చెక్క పీకేస్తం. గని చెక్క మీది గీతలు స్లాబుకు అచ్చుపడ్తయి గద. గిది గా తీరు."

ముజఫ్ఫర్ అలీ మొదటి పాట డ్రమ్ములు ఒక్కటే పెట్టాడు.

మొదట నాకేమీ వినబడలేదు, దడదడ తప్ప. తర్వాత ఆ దడదడ వెనక, పక్కింట్లో ఎవరో గోడకు ముఖం పెట్టి పాడుతున్నట్టు ఒక గొంతు. మాటలు తెలియడం లేదు. కానీ పల్లవి చివర గొంతు పైకి లేపే ముందు చిన్నగా వెనక్కి తగ్గడం గిరికి అలవాటు. ఆ తగ్గడం తెలిసింది. పాట అయిపోయింది. పళ్ళెంలాంటి ఇత్తడి తాళం చప్పుడు సన్నబడుతుండగా ముజఫ్ఫర్ అలీ చెయ్యి ఆపడానికి ముందుకు వచ్చింది. ఉండనివ్వమన్నాను. చప్పుడు పూర్తిగా అణిగిపోయాక, ఎవరో గదిలోనే నిలబడి మాట్లాడినంత స్పష్టంగా వినబడింది.

"ఇంకోసారి."

వాడు ఎప్పుడూ అంతే. ఏదీ ఒక్కసారికి సరిపోయేది కాదు.

తర్వాత వాళ్ళు అడగదలచుకున్నది అడిగారు. పాటలు దస్తగిరి పాడతాడు. అతనికి మంచి గొంతుంది, గిరి కూడా మెచ్చుకునేవాడు. కానీ అతని గొంతు కింద గిరి గొంతు వినబడుతూ ఉంటే పాట పాటలా ఉండదు. కాబట్టి డ్రమ్ములు మళ్ళీ కొత్తగా వాయించాలి, పాతవి తీసేయాలి. మ్యాచ్‌లు మొదలయ్యేలోగా రాజేందర్ కంపెనీ మనుషులను ఇళ్ళకు పంపించేస్తోంది. సెప్టెంబరు దాటితే అతను ఉండడు, అప్పటికి ముజఫ్ఫర్ అలీ సామానంతా అద్దెకు పోతుంది. నేను వద్దంటే ఆల్బమ్ ఇక్కడితో ఆపేస్తామన్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకు చెప్పాను. ఏప్రిల్ తర్వాత గిరి పేరు మా ఇంట్లో పలికింది అదే మొదటిసారి. ఆయన చాలాసేపు పెరుగు కలుపుతూ కూర్చున్నారు.

"పని సగంలో ఆగితే వాడికి నచ్చదు. శుభ్రంగా చేయించెయ్" అన్నారు. తర్వాత, "ఆ డ్రమ్ముల్లో వినబడేదాన్ని పట్టుకుని కూర్చుంటే మనం ఇందులోంచి బయటపడం కుమారీ" అన్నారు.

అది నిజమేననిపించింది. కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసిస్తానని ముజఫ్ఫర్ అలీ అన్నప్పుడు కూడా వద్దన్నాను. అది ఇంట్లో ఉంటే ఆ ఇంట్లో ఇంకేదీ ఉండదని నాకు తెలుసు.

తర్వాతి శుక్రవారం పని మొదలైంది. ఊరికే చూడడానికి వెళ్ళాను, తివాచీ చుట్ట మీద కూర్చున్నాను. దస్తగిరి రాజేందర్ ఎదురుగా నిలబడి మెల్లగా పాడాడు. రాజేందర్ కొట్టాడు, ఆగాడు, మళ్ళీ కొట్టాడు. చెయ్యి ఈడుస్తోంది.

"అన్నా, డ్రమ్ము కొడతాండావా, మేకు కొడతాండావా?" అన్నాడు దస్తగిరి.

"మేకైతే ఒక్క దెబ్బకు దిగుతది. నీ పాటనే దిగుతలేదు."

ముజఫ్ఫర్ అలీ చాయ్ తెప్పించాడు. తాగి మళ్ళీ మొదలుపెట్టారు. అదే తంతు. తప్పు దస్తగిరిది కాదు. పాట అదే, కానీ అతను ఊపిరి తీసుకునే చోటు వేరు. రాజేందర్ చేతులకు గిరి ఊపిరి ఆగే చోట దెబ్బ వేయడం అలవాటైపోయింది. కాసేపటికి రాజేందర్ కర్రలు ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూశాడు.

"అక్కా, మీరొక్కసారి ముందల నిలవడున్రి."

నాకు పాట రాదన్నాను.

"పాడొద్దు. మీరు గాడ కూసుండి నోరు ఆడిస్తున్నరు. గిరన్న నోరు లెక్కనే ఆడుతున్నది."

నా పెదవులు కదులుతున్నాయని నాకు తెలియదు. పాటలు నాకు వచ్చు. మా వంటింట్లో స్టవ్ పక్కన నిలబడి వాడు కట్టుకున్న పాటలే అవి. ఇక ఊపిరి సంగతి. చిన్నప్పుడు వాడికి పద్యాలు నేర్పింది నేను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గుక్క తిప్పుకోవాలో నా నోరు చూసి నేర్చుకున్నాడు. పాటగాడయ్యాక కూడా ఆ ఆగే చోట్లు మారలేదు.

వెళ్ళి నిలబడ్డాను. ముజఫ్ఫర్ అలీ మైకులు చూసుకుంటూ ఒకటే జాగ్రత్త చెప్పాడు. గొంతు అస్సలు బయటికి రాకూడదు. వస్తే మళ్ళీ అదే కథ అవుతుంది.

పాట మొదలైంది. చప్పుడు లేకుండా నా తమ్ముడి మాటలను నోటితో పలుకుతూ నిలబడ్డాను. రాజేందర్ కళ్ళు నా నోటి మీదే ఉన్నాయి. చేతులు వాటంతట అవి పరుగెత్తాయి. అంత దగ్గరగా డ్రమ్ములు మోగుతుంటే ఎముకల్లోకి దిగుతాయి. చరణం మధ్యలో ఒకచోట, ఈ మాట పలుకుతున్నది నేనేనా అని అనుమానం వచ్చింది.

పాట ముగిసింది. తాళం చప్పుడు సన్నబడి, అణిగింది. ముజఫ్ఫర్ అలీ బొటనవేలు ఎత్తి చూపించాడు. రాజేందర్ మాత్రం కర్రలు దించలేదు. ఇంకా నా నోటి వైపే చూస్తున్నాడు. దేని కోసం చూస్తున్నాడో అర్థమవడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

"సరిపోయింది రాజేందర్" అన్నాను.

అతను కర్రలు దించాడు.

ముజఫ్ఫర్ అలీ కంప్యూటర్ ముందుకు వెళ్ళి, ఈసారి నన్ను అడిగాకే చేస్తానన్నట్టు వెనక్కి తిరిగాడు.

"పాతది తీసేయమంటారా టీచరమ్మా?"

తీసేయమన్నాను.

ఆ వేసవి అలా గడిచింది. సైట్ల మీద మధ్యాహ్నం పని ఆపే నెలలవి, ఎండ తలుపులు తట్టి లోపలికి వచ్చేలా ఉండేది. బడికి సెలవులిచ్చారు. ప్రతి ఏడూ ఊరికి వెళ్ళేవాళ్ళం, ఆ ఏడు వెళ్ళలేదు. వారమంతా ఒక పాటను నోటికి ఎక్కించుకోవడం, శుక్రవారం గోడౌన్‌లో నిలబడి పలకడం, చివర ముజఫ్ఫర్ అలీ అడగడం, నేను సరే అనడం. కొన్ని శుక్రవారాలు దస్తగిరికి సగంలోనే ఫోన్ వచ్చేది, యజమానురాలు మాల్‌కు వెళ్ళాలంటే గిటార్ అలాగే వదిలి పరుగెత్తేవాడు. కొన్ని శుక్రవారాలు రాజేందర్‌కు ఓవర్ టైమ్ పడేది. అయినా ఒకటి, రెండు, మూడు అంటూ పాటలు శుభ్రపడుతూ వచ్చాయి. దస్తగిరి గొంతు వాటి మీద చక్కగా కూర్చుంది. విన్నవాళ్ళెవరూ వంక పెట్టలేరు.

ప్రతి పాట తుడిచే ముందు పాతదాన్ని ఒకసారి పెట్టుకుని వినేవాళ్ళం, రాజేందర్‌కు నడక గుర్తు రావడానికి. ఆ గొంతు మాకు చివరిసారి వినబడేది అప్పుడే. చివర 'ఇంకోసారి' అనే ఆ ఒక్క మాట వచ్చే వేళకు ఎవరి పనిలో వాళ్ళు పడినట్టు నటించేవాళ్ళం. దస్తగిరి తీగలు బిగించేవాడు. ముజఫ్ఫర్ అలీ తస్బీ పూసలు తిప్పేవాడు. ఒకసారి ఆ మాట కోసం ఎదురుచూశాం కానీ రాలేదు. ఆ పాటకు గిరి తృప్తి పడ్డాడన్నమాట. ఆ రోజు ముజఫ్ఫర్ అలీ పాతది తీసేయమంటారా అని నన్ను రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

ఆగస్టు చివర బడి తెరిచాక మా ఆయన ఒక సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నారు. ఏమిటని అడిగాను.

"నీ పెదవులు కదులుతున్నాయి" అన్నారు.

పాట బట్టీ పడుతున్నానని చెప్పాను. ఆయన వెళ్ళలేదు.

"నిద్రలో కూడా కదులుతున్నాయి కుమారీ. చప్పుడు రాదు. పక్కన పడుకుని చూస్తుంటే నాకు భయమేస్తోంది."

నేను బియ్యం కడగడం ఆపలేదు. ఇంకొక్క పాటే ఉందని చెప్పాను. ఆ ఒక్కదానికీ తను కూడా వస్తానన్నారు. అంతవరకు ఆయన ఆ గోడౌన్ గుమ్మం తొక్కలేదు.

సెప్టెంబరు చివరి శుక్రవారం. రాజేందర్‌కు టికెట్టు వచ్చేసింది. బర్వాలో అతని గదివాళ్ళు సగం మంది అప్పటికే వెళ్ళిపోయారు. ఖాళీ మంచాల మధ్య నిద్ర పట్టడం లేదని, పెద్ద ఇంట్లో ఒంటరిగా ఉన్న దొరలా ఉందని నవ్వుతూ చెప్పాడు. గోడౌన్‌లో కూడా తివాచీలు చాలావరకు అద్దెకు పోయాయి. గోడలు అక్కడక్కడా బయటపడి, మాటలు కొంచెం మోగుతున్నాయి. మా ఆయన అందరికీ నమస్కారం పెట్టి, షట్టర్ దగ్గరున్న స్టూల్ మీద కూర్చున్నారు.

ఏడో పాటను చివరిదాకా ఉంచింది రాజేందరే. అది నెమ్మది పాట. అందులో అతను కర్రలు పట్టడు, వట్టి చేతులతో మెల్లగా వాయిస్తాడు. ముజఫ్ఫర్ అలీ ఎప్పటిలాగే పాతదాన్ని పెట్టాడు.

డ్రమ్ములు తక్కువ కావడం వల్ల ఈ పాటలో గొంతు ఎక్కువగా నిలిచింది. దూరంగానే ఉంది, కానీ మాటలు తెలుస్తున్నాయి.

పొద్దు దిగిపోయినా గోడ చల్లారలేదు,
చెయ్యి ఆనించి చూడు, పగలింకా లోపలే ఉంది.

మధ్యలో వాడికి దగ్గు వచ్చింది. దగ్గి, తప్పిపోయిన మాటను అందుకోవడానికి పరుగెత్తినట్టు రెండు మాటలు కలిపేసి పాడి, లోపల్లోపల నవ్వుకున్నాడు. ఆ నవ్వు కూడా మైకుకు అందింది. షట్టర్ దగ్గర స్టూల్ కదిలిన చప్పుడైంది. నేను అటు చూడలేదు. కాసేపటికి చూస్తే స్టూల్ ఖాళీగా ఉంది. మా ఆయన బయట ఎండలో, కారుకు చెయ్యి ఆనించి నిలబడి ఉన్నారు. ఆ ఎండకు కారు కాలిపోతూ ఉంటుంది. చెయ్యి తీయలేదు.

పాట అయింది. రాజేందర్ డ్రమ్ముల ముందు కూర్చున్నాడు. ముజఫ్ఫర్ అలీ మైకులు సర్దాడు. దస్తగిరి గొంతు సవరించుకున్నాడు. నేను లేచి, నా చోటికి వెళ్ళి నిలబడాలి. ముగ్గురూ నా కోసం చూస్తున్నారు.

లేవలేదు. లేవకూడదని అనుకుని కాదు. మిగిలిన ఒక తివాచీ చుట్ట మీద అలాగే కూర్చున్నాను. నోరు కదలలేదు.

"దీన్ని ఇట్లాగే వదిలేద్దాం" అన్నాను.

ముజఫ్ఫర్ అలీ నా దగ్గరికి వచ్చి, పెద్దవాడు చిన్నవాళ్ళకు చెప్పినట్టు నిదానంగా చెప్పాడు. "వదిలేస్తే ఎట్ల టీచరమ్మా. దస్తగిరి దీని మీద పాడితే రెండు గొంతులైతయి. పాడకపోతే పాడేటోడే లేడంటరు. దగ్గు కూడా ఉన్నది. వినేటోళ్ళు గల్తీ అనుకుంటరు. నా పేరు కూడా ఉంటది కదా దాని మీద."

"నేనైతే పాడను మామూ" అన్నాడు దస్తగిరి. "ఆరింటికి పాడినా. పాడిన ప్రతిసారీ ఆయప్ప సొక్కా తొడుక్కున్నట్టే ఉండాది నాకు. ఇది ఆయప్పకే ఉండనీ."

ముజఫ్ఫర్ అలీ రాజేందర్ వైపు చూశాడు. రాజేందర్ చేతులు తొడల మీద పెట్టుకుని కూర్చున్నాడు. "నాకిప్పుడు ఎవల నోరూ కానస్తలేదు భాయ్. ఎట్ల కొట్టాలె?"

మా ఆయన లోపలికి వచ్చారు. చేతిలో నీళ్ళ సీసాలున్నాయి. ఎప్పుడు విన్నారో, ఎంత విన్నారో. సీసాలు ఒక్కొక్కరికీ ఇచ్చి, ఖాళీ చేతులతో ముజఫ్ఫర్ అలీ ముందు నిలబడ్డారు. శుభ్రంగా చేయించెయ్యమన్న మనిషి ఆయన.

"ఉంచండి" అన్నారు.

ముజఫ్ఫర్ అలీ ఆయన ముఖం చూశాడు. వెళ్ళి కంప్యూటర్ మూసేశాడు. తుడవమంటారా అని ఆ రోజు ఎవరినీ అడగలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు సముద్రం ఒడ్డున కార్నిష్ దారిలో జెండాలు కడుతున్నారు. ఇన్ని దేశాల పేర్లు గుర్తుపట్టగలవా అని ఆయన అడిగితే, పిల్లలకు చెప్పేదాన్ని, గుర్తుపట్టకపోతే ఎలా అన్నాను. ఒక్కొక్క జెండాకూ దేశం పేరు చెప్పుకుంటూ వచ్చాం. ఇల్లు చేరాక ఆయన తిన్నగా గిరి గదిలోకి వెళ్ళారు. దుప్పటి మార్చి, కిటికీ తెర తీసి, వాడి చొక్కాలు మడత పెట్టడం మొదలుపెట్టారు. నేనూ వెళ్ళి ఒక చొక్కా అందుకున్నాను. వాడి గురించి ఆయన ఏదో చెప్పారు, నేను ఇంకేదో చెప్పాను. అలా చాలాసేపు కూర్చున్నాం. రాత్రి నా పెదవులు కదిలాయేమో నాకు తెలియదు, ఆయన చెప్పలేదు.

రాజేందర్ వెళ్ళిన రోజు బర్వాకు వెళ్ళాను. బస్సులు వరసగా నిలబడి ఉన్నాయి. కుర్రాళ్ళు టీవీ పెట్టెలు, దుప్పట్లు బస్సుల్లోకి ఎక్కిస్తున్నారు. తను బల్లలు పరిచి పోతపోసిన మెట్ల మీద కూర్చుని ఎవరో మ్యాచ్ చూస్తారు, తను ఊళ్ళో టీవీలో ఆ మెట్లు కనబడతాయేమోనని చూడాలని రాజేందర్ అన్నాడు. గిరి గురించి మాట్లాడుకోలేదు. బస్సు ఎక్కే ముందు నా కాళ్ళకు వంగబోతే భుజం పట్టుకుని ఆపాను.

నవంబరులో మ్యాచ్‌లు మొదలయ్యే ముందు ముజఫ్ఫర్ అలీ ఆల్బమ్‌ను ఇంటర్నెట్‌లో పెట్టాడు. వీధుల్లో అన్ని దేశాల మనుషులు డోళ్ళు కొట్టుకుంటూ తిరుగుతున్నారు, మా ఫ్లాటు కిటికీలు అదిరేవి. పాటలను మన తెలుగువాళ్ళు బాగానే విన్నారు. దస్తగిరికి పేరొచ్చింది. అతని యజమానురాలి పిల్లలు కూడా ఒక పాటకు ఎగురుతున్నారట. ఏడో పాట కింద మాత్రం ఒకటే ఫిర్యాదు. సింగర్ వినబడటం లేదు, సౌండ్ పెంచండి అని. ముజఫ్ఫర్ అలీ ముందే చెప్పాడుగా. మా ఆయన కూడా ఒక ఆదివారం స్పీకర్ తెచ్చి పెట్టి, మెల్లగా పెంచి చూశారు. పెంచిన కొద్దీ డ్రమ్ములూ పెరిగాయి. గొంతు ఎంత దూరంలో ఉందో అంతే దూరంలో ఉంది. కాసేపు ముందుకు వంగి విని, మళ్ళీ తగ్గించేశారు.

డిసెంబరులో రాజేందర్ ఫోన్ చేశాడు. ఊళ్ళో పొలం పనులున్నాయని, ఒక పెళ్ళికి డప్పు కూడా కొట్టానని చెప్పాడు. పాటలు ఇంట్లో అందరికీ వినిపించాడట. అతన్ని పెంచిన పిన్ని ఉంది, చిన్నవ్వ అంటారు. ఆరు పాటలు పెట్టినంతసేపూ ఆమె బీడీలు చుట్టుకుంటూనే ఉందట. ఏడోది పెట్టగానే చేతులు ఆపి, లోపలి అర్రలోకి చూసిందట.

"'లోపలెవలో పాడుతున్నరు గదరా రాజన్నా, ఎవ్వలాయిన?' అన్నదక్కా. 'మా దోస్తు' అన్న. 'దోస్తును లోపట కూసుండవెట్టినవా, బయటికి పిలువు, ఇంత బువ్వ తింటడు' అన్నది."

బయట ఏదో దేశం గెలిచినట్టుంది, వీధంతా హోరెత్తుతోంది. అది తగ్గేవరకు రాజేందర్ ఫోన్ పట్టుకునే ఉన్నాడు.

"నువ్వేమన్నావు?" అని అడిగాను.

"ఏమంటనక్కా. 'తిన్నడవ్వా, కడుపు నిండ తిన్నంకనే పాడుతున్నడు' అన్న."